‘మనోడు’ లేనిచోట ప్రొఫైల్: లింక్డిన్‌లో మన యువత ముందున్న లెక్క

1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి చేరిన ఒక యువకుడు బతుకుదెరువు కోసం చిన్న సంస్థ పెట్టాడు. షేర్ల వ్యాపారులకు సలహాలివ్వడం దాని పని. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ చదువు మధ్యలో ఆగింది. ఆ పనికి అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి? మొదట్లో ఖాతాదారులు వచ్చారు. సలహా ఇస్తున్న మనిషి అంటరాని కులంవాడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. ఆ యువకుడి పేరు భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్.

బరోడాలో ఉండటానికి గది దొరకని అవమానం గురించి మనం సభల్లో తరచూ చెప్పుకుంటాం. ఈ మూతపడిన సంస్థ గురించి తక్కువగా చెప్పుకుంటాం. డిగ్రీ పట్టా పట్టుకుని ఉద్యోగాల మార్కెట్‌లోకి వస్తున్న మన పిల్లలకు, సొంతంగా యూనిట్ పెట్టుకున్న మన అన్నలకు, అక్కలకు ఈ రెండో కథే ఎక్కువ అవసరం. బాబాసాహెబ్‌కు చదువుంది, నైపుణ్యముంది, సంస్థ కూడా ఉంది. ఆయన గురించి నలుగురికి మంచి మాట చెప్పేవాళ్లు మాత్రం ఆ బజారులో లేరు. ఆయన కులం సంగతి చేరవేసేవాళ్లు మాత్రం ఉన్నారు.

నూరేళ్లు దాటాక ఇప్పుడు ప్రతి కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఒకే సలహా ఇస్తోంది: లింక్డిన్‌లో ప్రొఫైల్ పెట్టుకో, పరిచయాలు పెంచుకో, నిన్ను నువ్వు మార్కెట్ చేసుకో. సలహా తప్పు కాదు. కానీ అది సగమే చెబుతుంది. పరిచయాలు ఎవరికి పుట్టుకతోనే ఉంటాయి, ఎవరికి సున్నా నుంచి మొదలవుతాయి అన్న రెండో సగాన్ని దాటేస్తుంది. ఆ సగాన్ని మనమే మాట్లాడుకోవాలి.

‘మనోడేనా?’ అనే పాత పద్ధతి

లింక్డిన్ 2003లో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. సభ్యులు 100 కోట్లు దాటారని 2023లో సంస్థే చెప్పింది. అందులో భారతీయులు 10 కోట్లకు పైనే. అమెరికా తర్వాత దానికి అతిపెద్ద దేశం మనదే. అంటే హైదరాబాద్ హైటెక్ సిటీలోనో, బెంగళూరులోనో నియామకాలు చేసే మనిషి మన పేరును మొదటిసారి చూసే చోటు చాలాసార్లు ఇదే.

అది పనిచేసే తీరు సులువైనదే. మీకు నేరుగా తెలిసినవాళ్లు మొదటి వరుస. వాళ్లకు తెలిసినవాళ్లు రెండో వరుస. ఎవరి పేజీ తెరిచినా మీ ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎంతమందో పైనే కనిపిస్తుంది. ఆ అంకె పెద్దదైతే అవతలి మనిషికి ధైర్యం వస్తుంది. సున్నా అయితే మీరు ఎవరో తెలియని మనిషి. ఆ తర్వాత రిఫరల్ వస్తుంది. చాలా కంపెనీలు తమ ఉద్యోగి సిఫారసు చేసిన అభ్యర్థి చేరితే ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. కుప్పలో పడిన వేల దరఖాస్తుల కంటే రిఫరల్‌తో వచ్చిన దరఖాస్తు ముందు తెరుచుకుంటుంది.

ఇందులో తెలుగువాళ్లకు కొత్తేముంది? ‘మనోడేనా?’ అని అడిగి పని ఇప్పించడం మనకు తరతరాలుగా తెలిసిన పద్ధతే. కుల హాస్టళ్లు, కుల సంఘాల కల్యాణ మండపాలు, కార్తీక వనభోజనాలు, పెళ్లి సంబంధాలు, ఇప్పుడు కుల వాట్సాప్ గ్రూపులు. వీటన్నిటిలోనూ ఉద్యోగాల సమాచారం తిరుగుతూనే ఉంటుంది. మేనమామ అమెరికాలో మేనేజర్, పెద్దనాన్న కొడుకు గచ్చిబౌలిలో టీమ్ లీడ్. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు లింక్డిన్‌లో ఖాతా తెరిచిన రోజే అతని బంధువుల వలయం మొత్తం పరిచయాల వలయంగా మారిపోతుంది. దాన్ని నెట్‌వర్కింగ్ అంటారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ పూర్తి చేసిన కూలి తల్లి కూతురు అదే రోజు ఖాతా తెరిస్తే, ఆమె మొదటి వరుసలో ఉండేది తనలాగే ఉద్యోగం వెతుక్కుంటున్న స్నేహితురాళ్లు. ఇద్దరూ వాడేది ఒకే సైటు, నింపేది ఒకే ఫారం. వాళ్లు నిలబడిన మెట్లు మాత్రం వేరు.

పరిచయాల బలం గురించి శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. దగ్గరి స్నేహితుల కంటే దూరపు పరిచయస్తుల ద్వారానే ఉద్యోగ సమాచారం ఎక్కువగా వస్తుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో వాదించాడు. మన చుట్టూ ఉన్నవాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది, దూరంగా ఉన్నవాళ్లకు మనకు తెలియనిది తెలుస్తుంది అన్నది ఆయన తర్కం. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని లింక్డిన్ మీదే పరీక్షించింది. ఐదేళ్లపాటు 2 కోట్ల మందికి పైగా సభ్యుల సమాచారాన్ని అందులో పరిశీలించారు. ఉద్యోగం మారడానికి ఎక్కువగా పనికొచ్చినవి కొంచెం బలహీనమైన బంధాలేనని తేలింది. అంటే మరీ ఆత్మీయులూ కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్లూ కాదు. కొద్దిమంది ఉమ్మడి పరిచయస్తులున్నవాళ్లు.

ఆ అధ్యయనం కులాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మనం తీసుకుని చదవాలి. బలహీనమైన బంధమే మేలు చేసేదైతే, ఊరికి అవతల ఉన్న పల్లెకు, వాడకు, గూడేనికి అసలు తెంచిపెట్టింది ఆ బంధాన్నే. దళితవాడ లోపల ఆత్మీయతకు కొదవ లేదు. ఊరివైపు వెళ్లే దారిలో మాత్రం పరిచయం పనివరకే ఉండేలా, మర్యాదగా మారకుండా కులం కాపలా కాసింది. ఇప్పుడు నియామకాల మార్కెట్ అడుగుతున్నది సరిగ్గా ఆ తెగిన దారినే.

పేరు దగ్గర ఆగిపోయే దరఖాస్తు

సరే, పరిచయాల్లేకపోయినా ప్రతిభ చాలదా? దీనికి జవాబు వెతికిన పని ఒకటుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ కలిసి చేసిన అధ్యయనం 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. ఇంగ్లీషు పత్రికల్లో ప్రైవేటు కంపెనీలు వేసిన 548 ప్రకటనలకు వాళ్లు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చారు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుకు 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లనే లేదు. కాగితం మీద పేరు చూసి చేసిన వడపోత ఇది.

అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి మరో వ్యాసం రాశారు. మేం చూసేది ప్రతిభనే అని ఆ మేనేజర్లు గట్టిగా చెప్పారు. ఇంటర్వ్యూలో ‘కుటుంబ నేపథ్యం’ అడగడం తప్పనిసరి అని కూడా వాళ్లే చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, అన్నదమ్ములు ఏం చదివారు, ఎక్కడ పెరిగావు. ఈ ప్రశ్నల్లో కులం అన్న మాట ఎక్కడా లేదు. జవాబులన్నీ చివరికి చేరేది మాత్రం అక్కడికే.

ఇక పై అంతస్తు సంగతి. దేశంలోని 1,000 అగ్రశ్రేణి కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించిన అధ్యయనం 2012లో అదే పత్రికలో వచ్చింది. సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాలవాళ్లు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఎవరి ప్రొఫైల్‌ను ఎవరు చూస్తున్నారో, ఎవరికి ఎవరు మనోడో అర్థం కావడానికి ఈ అంకె చాలు.

తెలుగు పేరుకు ఇంకో చిక్కుంది. లింక్డిన్ ఫారం పేరును రెండు గడుల్లో అడుగుతుంది. మనకేమో ఇంటిపేరు ముందు, ఇచ్చిన పేరు తర్వాత. కొందరి పేరు చివర కులం తోకలాగా ఉంటుంది. అది ఉన్నవాళ్లకు ఆ తోకే పరిచయపత్రం. అది లేకపోవడం కూడా ఒక సమాచారమే. తోక లేని పేరు చూడగానే మనవాళ్లు ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు అడుగుతారు. ఊరితో తేలకపోతే ఊళ్లో ఏ వైపు అని అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలు మనలో ఎదుర్కోనివాళ్లు లేరు. ప్రొఫైల్‌లో ఊరి పేరు, స్కూలు పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయడమంటే ఆ మూడింటికీ అడగకముందే జవాబివ్వడం.

చెప్పాలా, దాచాలా?

ఏప్రిల్ 14 వస్తుంది. విగ్రహం ముందు దిగిన ఫొటో పెట్టాలని ఉంటుంది. లింక్డిన్‌లో పెట్టవచ్చా? క్యాంపస్‌లలో మన విద్యార్థులు ఒకరినొకరు అడుగుతున్న ప్రశ్న ఇది. ఉద్యమంలో ఉన్నవాళ్లు ‘భయమెందుకు, పెట్టు’ అంటారు. ప్లేస్‌మెంట్ సెల్ ‘రాజకీయాలొద్దు’ అంటుంది. పండుగల పోస్టులు, గుడి పూజల పోస్టులు, గోత్రం గొప్పల పోస్టులు అదే సైటులో రాజకీయం కిందకు రావు. అంబేడ్కర్ ఫొటో మాత్రం వస్తుంది. ముందు ఈ తేడాను తేడాగా గుర్తించాలి.

అయితే పర్యవసానాలు కూడా తెలిసి ఉండాలి. 2020 జూన్‌లో సిస్కో కంపెనీ మీద కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ శాఖ దావా వేసింది. దళిత ఇంజినీరు ఒకరి కులం సంగతిని పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడని, ఆ తర్వాత వివక్ష సాగిందని అందులోని ఆరోపణ. ఆ సంగతి పైఅధికారికి తెలిసింది ఇద్దరూ ఒకే ఐఐటీలో చదివిన పరిచయం వల్లేనని దావా చెప్పింది. ఇద్దరు అధికారుల మీద పెట్టిన ఆరోపణలను 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద దావాను కొనసాగించారు. తీర్పుల సంగతి అలా ఉంచి ఒక పాఠం తీసుకుందాం. పూర్వ విద్యార్థుల పరిచయం తలుపు తెరవగలదు. అదే పరిచయం మనం చెప్పని సంగతిని మనకంటే ముందు ఆఫీసుకు చేర్చనూగలదు.

మరి సమాచార భద్రత చట్టం కాపాడుతుందా? 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు కులాన్ని, తెగను ‘సున్నితమైన వ్యక్తిగత సమాచారం’గా గుర్తించింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో అసలు ఆ వర్గీకరణే లేదు. పైగా మనంతట మనం బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అంటే ప్రొఫైల్‌లో మనం రాసింది ఎవరు పోగుచేసుకున్నా ఈ చట్టం పట్టించుకోదు.

మన రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. చాలామంది మన యువత చర్చి యువజన సంఘాల్లో పెరిగారు. అక్కడే పాడటం, మాట్లాడటం, నలుగురిని కూడగట్టడం నేర్చుకున్నారు. స్వచ్ఛంద సేవ అనే గడిలో రాయడానికి వాళ్లకు ఉన్న నిజమైన అనుభవం అదే. కానీ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే ఎస్సీ హోదా ఇస్తోంది. అందుకే ఆ నిజం రాయడానికి వాళ్లు జంకుతారు. అదే వయసు అగ్రకుల కుర్రాడు గుడి ఉత్సవ కమిటీలో పనిచేసినట్టు నిశ్చింతగా రాసుకుంటాడు. ఒక గడి నింపడంలో కూడా సమానత్వం లేదు.

కాబట్టి చెప్పాలా, దాచాలా అనేది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన సంగతి. చెప్పుకునేవాళ్లు చేస్తున్నది ధైర్యమైన పని. ఇంట్లో అప్పుండి, చెల్లెలి ఫీజు కట్టాల్సి ఉండి చెప్పనివాళ్లు పిరికివాళ్లు కాదు. వాళ్లను ‘దాక్కున్నారు’ అని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. మనం చేయగలిగింది సైటు ఎలా పనిచేస్తుందో చెప్పడం. మీ పోస్టులే కాదు, మీరు చేసిన వ్యాఖ్యలు, కొట్టిన లైకులు కూడా మీ పేజీలో ఒక వరుసగా కనిపిస్తాయి. సైటు బయట మీ ప్రొఫైల్ ఎంత కనిపించాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ఈ రెండూ తెలిసి తీసుకున్న నిర్ణయం ఏదైనా అది మీ నిర్ణయం.

సొంత డబ్బా కాదు, చేసిన పని

మన పిల్లలు ప్రొఫైల్ నింపలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సొంత డబ్బా కొట్టుకోకూడదని మనకు నేర్పారు. తలొంచుకుని పని చేసుకుపోతే మేలని నేర్పారు. ఆధిపత్య కులం కుర్రాడు తన గురించి గొప్పగా చెప్పుకుంటే ఆత్మవిశ్వాసం, మన కుర్రాడు చెప్పుకుంటే పొగరు. ఈ కొలత తరాలుగా మెదడులోకి దిగింది. అందుకే ‘మీ గురించి’ అన్న గడి దగ్గర చాలామంది ఆగిపోతారు, లేదా ఎవరిదో పేజీ నుంచి అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు విశేషణాలు అతికిస్తారు.

విశేషణాలు అక్కర్లేదు. చేసిన పని రాస్తే చాలు. హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నావా? ఎంతమందికి, ఎంత సరుకు, ఎన్ని నెలలు లెక్క చూశావో రాయి. జయంతి సభకు చందాలు వసూలు చేసి, షామియానా దగ్గర్నుంచి పోలీసు అనుమతి దాకా చూసి, చివర్లో పైసాతో సహా లెక్క అప్పజెప్పావా? దాన్నే కంపెనీలు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటాయి. స్కాలర్‌షిప్ ఆగిపోతే సమాచార హక్కు దరఖాస్తు వేసి, కలెక్టరేట్ చుట్టూ తిరిగి యాభై మందికి ఇప్పించావా? అది సమాచారం సేకరించడం, రాయడం, ఒప్పించడం. ఏ సభ అన్నది రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం. పని మాత్రం నీదే, దాన్ని వదులుకోకు.

ఒక హెచ్చరిక కూడా. పరిచయాల్లేని నిస్సహాయతే మోసగాళ్లకు పెట్టుబడి. డబ్బు కడితే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు, చేయని ఉద్యోగానికి అనుభవపత్రం తయారుచేసి ఇస్తామనేవాళ్లు హైదరాబాద్‌లో కొత్త కాదు. ఇప్పుడు వాళ్లకూ అందమైన ప్రొఫైళ్లున్నాయి. దొంగ అనుభవపత్రం తర్వాతెప్పుడో తనిఖీలో బయటపడితే పోయేది కన్సల్టెన్సీ పేరు కాదు, మన పిల్లల పేరు. ఉద్యోగం కోసం డబ్బు అడిగిన ఏ మనిషితోనూ సంభాషణ కొనసాగించకూడదు.

సరుకుంది, కొనేవాడేడీ?

వ్యాపారం చేసే మనవాళ్ల పరిస్థితి బాబాసాహెబ్ సంస్థ కథకు ఇంకా దగ్గర. హైదరాబాద్ టిస్‌లో పనిచేసిన అసీమ్ ప్రకాశ్ 2015లో వెలువరించిన ‘దళిత్ క్యాపిటల్’ పుస్తకం దళిత వ్యాపారుల అనుభవాలను నమోదు చేసింది. అప్పు దగ్గర, సరుకు దగ్గర, ఖాతాదారు దగ్గర కులం ఎలా అడ్డొస్తుందో అది చూపించింది.

ప్రభుత్వాలు పెట్టుబడి ఇవ్వడం గురించి కొంత ఆలోచించాయి. కేంద్రం 2016లో స్టాండప్ ఇండియా కింద 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు అప్పు అంది. తెలంగాణ 2021లో హుజూరాబాద్‌ను పైలట్‌గా తీసుకుని దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షలంది. కార్లు, ట్రాక్టర్లు, డెయిరీలు, దుకాణాలు వచ్చాయి. కానీ కారు కొనడం సగం వ్యాపారమే. ఆ కారును నెలవారీ అద్దెకు తీసుకునే కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ ఎవరికి తెలుసు? పటాన్‌చెరులో అట్టపెట్టెలు చేసే యూనిట్ పెడితే, పక్కనే ఉన్న మందుల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే మనిషి ఎవరి మాట వింటాడు? మళ్లీ ‘మనోడేనా’ దగ్గరికే వచ్చాం.

ఇక్కడ లింక్డిన్ నిజంగా కొంత పని చేయగలదు. ఆ కొనుగోళ్ల మేనేజర్ పేరేంటో, ఏ యూనిట్‌లో ఉన్నాడో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెప్పడు. సైటు చెబుతుంది. అతనికి పంపే మాట నాలుగు వాక్యాలు చాలు: ఏం చేస్తాం, నెలకు ఎంత ఇవ్వగలం, ఇప్పటిదాకా ఎవరికిచ్చాం, నమూనా ఎప్పుడు తేగలం. యూనిట్ ఫొటో, యంత్రం ఫొటో, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందన్న మాట ప్రొఫైల్‌లో ఉండాలి. సరుకు తీసుకున్న ప్రతి ఖాతాదారును రెండు వాక్యాల సిఫారసు రాయమని అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు. అగ్రకుల వ్యాపారికి ఆ సిఫారసు నోటి మాటగా ఊరంతా తిరుగుతుంది. మనకు దాన్ని రాతలో పెట్టించుకోవడమే దారి.

ఒక చట్టబద్ధమైన మార్కెట్ కూడా ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియనిది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు సొమ్ము మినహాయింపు ఉంది. 2018లో చిన్న సంస్థల మొత్తం వాటాను 20 నుంచి 25 శాతానికి పెంచారు. మన 4 శాతం అలాగే ఉంది, అదీ ఏళ్ల తరబడి అందని లక్ష్యంగానే మిగిలింది. అర్హులైన సరఫరాదారులు దొరకడం లేదన్నది సంస్థలు తరచూ చెప్పే సాకు. మిలింద్ కాంబ్లే 2005లో పుణెలో స్థాపించిన దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ, 2016లో మొదలైన జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ ఈ ఖాళీని పూడ్చడానికే ఉన్నాయి. దొరకడం లేదు అనేవాళ్లకు దొరికేలా మన యూనిట్లు బహిరంగంగా కనిపిస్తే ఆ సాకు నిలవదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ అయినా, విశాఖ ఉక్కు అయినా, మా ప్రొఫైల్ ఇదిగో, మీ 4 శాతం ఎక్కడ అని అడగవచ్చు. ఇక్కడ కులం చెప్పుకోవడం దయ అడగడం కాదు, హక్కు అడగడం.

ఒంటరిగా కాదు, సంఘంగా

బాబాసాహెబ్ బొంబాయి చేరిన 1917లోనే బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. దానికి అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములు అనే పేరును తోసిపుచ్చి, ఆది ఆంధ్రులం అని ఆ సభ తనకు తానే పేరు పెట్టుకుంది. ఇంకొకరు అతికించిన పేరును చెరిపి సొంత పేరు రాసుకున్నారు. దాన్ని ఒక్క మనిషి చేసి ఉంటే ఊరు నవ్వి ఊరుకునేది. సభగా చేశారు కాబట్టి నిలబడింది.

మన కాలంలో స్వేరో అనే మాట అలాంటిదే. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఉన్న కాలంలో అది విస్తరించింది. ఆయన తర్వాతి రాజకీయాలతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. కానీ ‘వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు’ అన్న చిన్నచూపును ఒక గర్వమైన పేరుగా, పూర్వ విద్యార్థుల వలయంగా మార్చవచ్చని ఆ ప్రయత్నం చూపింది. 2014 మేలో గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ పేరు దేశమంతా విన్నది.

లింక్డిన్‌లో మనకు కావాల్సింది ఈ పద్ధతే. మొదటి ఉద్యోగం దొరికినవాళ్లు తమ గురుకులం నుంచి, తమ హాస్టల్ నుంచి వచ్చిన జూనియర్లను వెతికి కలుపుకోవాలి. పదేళ్ల అనుభవమున్న ఒక ఇంజినీరు యాభై మంది విద్యార్థులను తన మొదటి వరుసలోకి తీసుకుంటే, ఆయనకు తెలిసిన వందల మంది ఆ యాభై మందికీ రెండో వరుస అవుతారు. ఆ ఒక్క క్లిక్కుతో సున్నా పోతుంది. విద్యార్థి సంఘాలు నెలకోసారి కూర్చుని ఒకరి ప్రొఫైల్‌ను ఒకరు సరిచేయవచ్చు. రిఫరల్ ఇవ్వగలిగిన స్థానంలో ఉన్నవాళ్లు తమ కులం బయటపడుతుందేమోనన్న భయంతో మనవాళ్లకు మొహం చాటేయడం ఉంది. ఆ భయం అర్థమవుతుంది. అందుకే కులం ఊసెత్తకుండానే, ‘ఈ కాలేజీ విద్యార్థి, పని చూశాను, బాగుంది’ అని ఒక్క వాక్యం రాసే దారి వాళ్లకు ఉంచాలి.

మన వలయాలు మన లోపలి గీతల దగ్గర ఆగిపోవడం కూడా చూసుకోవాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వర్గీకరణ అమలు తర్వాత మాలలు, మాదిగలు, ఉపకులాల మధ్య మాటలు పెరిగాయి, పరిచయాలు తగ్గాయి. అవకాశాలు ఎక్కువ అందుకున్నవాళ్ల వలయం కాస్త పెద్దది, అందనివాళ్లది చిన్నది. ఇది నిజం. ఏ కులానికి ఆ కులం వాట్సాప్ గ్రూపు పెట్టుకుని లోపలే తిరిగితే మనమూ ‘మనోడేనా’ ఆటే ఆడుతున్నట్టు. అందులోనూ మహిళలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవాలి. ఆడపిల్ల ఖాతా తెరవగానే ఉద్యోగం పేరుతో వచ్చే వెకిలి మెసేజ్‌లకు జవాబు చెప్పే అక్కలు కూడా మన సంఘంలో ఉండాలి.

ఇదంతా చేసినా లెక్క సరిపోదు. ప్రైవేటు నియామకాల్లో కుల వివక్షను నేరుగా నిషేధించే సమగ్ర చట్టం మనకు లేదు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేసుకోకుండా అడ్డుకోవడాన్ని నేరాల్లో చేర్చింది. కానీ రాని ఇంటర్వ్యూ పిలుపును ఏ స్టేషన్‌లో రుజువు చేస్తాం? అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా అసెంబ్లీ ఆమోదించిన బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ తిప్పికొట్టారు. అక్కడ జరుగుతున్న చర్చ, కులం పుట్టిన చోట జరగకపోవడం సిగ్గుచేటు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు, కంపెనీలు తమ ఉద్యోగుల సామాజిక నేపథ్యాన్ని ఏటా ప్రకటించడం, 4 శాతం కొనుగోళ్లు చేయని సంస్థలకు జరిమానా. ఈ డిమాండ్లు వదిలేసి ప్రొఫైల్ శిక్షణ తరగతులతో సరిపెట్టుకుంటే, ఉద్యోగం రాకపోతే తప్పు నీదే, నువ్వు సరిగా మార్కెట్ చేసుకోలేదు అని మన పిల్లల మీదే నింద వేసినవాళ్లమవుతాం.

ఈ నెల మీ సంఘం సమావేశంలో ఎజెండాకు ఒక అంశం చేర్చండి. హాజరైనవాళ్లలో ఉద్యోగంలో ఉన్నవాళ్లెందరు, వెతుక్కుంటున్నవాళ్లెందరు, యూనిట్ నడుపుతున్నవాళ్లెందరు? ఒక కాగితం మీద మూడు వరుసలుగా రాయండి. మొదటి వరుసలోని ప్రతి ఒక్కరూ మిగతా రెండు వరుసల నుంచి ఇద్దరి బాధ్యత తీసుకుని, లేచేలోపు వాళ్లను తమ పరిచయాల్లో కలుపుకోవాలి. వచ్చే నెల ఆ కాగితం మళ్లీ తీసి, ఎవరి కోసం ఎవరు ఎవరికి ఫోన్ చేశారో అడగండి.